పదహారు గ్రాముల వేపనూనె

నాచారం పారిశ్రామికవాడలో ఇరవై ఏడేళ్లు గోలీలకు పూత వేశాను. పూత అంటే రంగు అనుకునేవాళ్లే ఎక్కువ. మా తమ్ముడు ఇప్పటికీ అట్లాగే అనుకుంటాడు. 2025 వానాకాలంలో యూరియా కోసం ఊళ్లో సొసైటీ ముందు వరసలో చెప్పులు పెట్టి, వేపచెట్టు కింద కూర్చుని నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు గోలీలకు రంగులేసినోడివి గదా. పొద్దుగాల ఒక్కటి మింగితే రాత్రి దాంక పనిచేసే గోలీలు చేసినమంటివి. యూరియా గింజకు గట్ల పూత వెయ్యరాదా? నాటేసినప్పుడు ఒక్కసారి సల్లి, కోతల దాంక మర్చిపోతం. ఈ లైన్ల బాధ తప్పుతది."

నవ్వబోయి ఆగాను. వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. గోలీకి చేసింది గింజకు ఎందుకు చేయలేం? ఆ పూట ఏదో చెప్పి తప్పించుకున్నాను కానీ, ప్రశ్న నన్ను వదల్లేదు. రిటైరయినవాడికి పనేముంది? నాచారంలో మా మిద్దె మీద నాలుగు గాజు గ్లాసులు పెట్టి కూర్చున్నాను.

గ్లాసుల సంగతికి ముందు గోలీ సంగతి చెప్పాలి. బీపీకో షుగరుకో మందు వాడేవాళ్లు అట్ట మీద మందు పేరు పక్కన 'ఎస్ఆర్' అనో 'ఈఆర్' అనో చూసే ఉంటారు. నెమ్మదిగా విడుదలయ్యే మందు అని దాని అర్థం. అలాంటి గోలీలు చేయడానికి ఒకటి రెండు పద్ధతులున్నాయి. నా చేతి మీదుగా నడిచింది పూత పద్ధతి. కోటింగ్ పాన్ అంటే పక్కకు వాల్చిన పెద్ద స్టీలు గంగాళం అనుకోండి. అది తిరుగుతుంటే లోపల గోలీలు వడ్లు పోసినట్టు దొర్లుతుంటాయి. పైనుంచి స్ప్రే గన్ పాలిమర్ ద్రావణాన్ని పొగమంచులా చల్లుతుంది. వేడిగాలి దాన్ని అక్కడికక్కడే ఆరబెడుతుంది. తడి ఎక్కువైతే గోలీలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వేడి ఎక్కువైతే పూత గోలీని చేరేలోపే పొడి అయిపోతుంది. గోలీ బరువులో నూటికి మూడు పాళ్లు పూత పడితే సాధారణంగా సరిపోతుంది. మనిషి వెంట్రుకంత మందం. గోలీ కడుపులో ఎన్ని గంటలు నిలుస్తుందో తేల్చేది ఆ వెంట్రుకే.

పూత సరిగ్గా పడిందో లేదో కంటికి తెలియదు. డిసల్యూషన్ మిషన్లో పెట్టాలి. ఆరు గాజు పాత్రలు, ఒక్కోదాంట్లో 900 మిల్లీలీటర్ల ద్రవం, ఒంటి వేడితో సమానంగా 37 డిగ్రీలు, లోపల తెడ్డు తిరుగుతుంటుంది. గంట గంటకూ కొంచెం తీసి ఎంత మందు బయటికొచ్చిందో చూస్తాం. మొదటి గంటలో ఇంతకు మించకూడదు, నాలుగో గంటకు ఇంత రావాలి, చివరికి దాదాపు అంతా రావాలి. ఒకసారి మా దగ్గర ఒక బ్యాచ్ మొదటి గంటలోనే మొత్తం వదిలేసింది. పూతకు సన్నటి పగుళ్లు. పన్నెండు గంటల మందు ఒక్క గంటలో ఒంట్లో దిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బ్యాచ్ మొత్తం తగలబెట్టారు, నా ఆ ఏడాది ఇంక్రిమెంటు కూడా దాంతోపాటే పోయింది. కంపెనీ పేరు ఎందుకులెండి.

ఎరువుకూ ఇలాంటి పరీక్షే ఉంది. యూరప్‌లో పాటించే కొలమానం ప్రకారం 25 డిగ్రీల నీళ్లలో వేస్తే మొదటి 24 గంటల్లో 15 శాతానికి మించి పోషకం బయటికి రాకూడదు. 28 రోజుల్లో 75 శాతానికి మించకూడదు. సంచి మీద రాసిన గడువు నాటికి కనీసం 75 శాతం రావాలి. మాకు గంటలు, వాళ్లకు వారాలు. అంతే తేడా.

ఇక నా గ్లాసులు. మొదటిదాంట్లో ఏ నూనే తగలని ల్యాబు యూరియా, పాత మిత్రుడు ఇచ్చింది. రెండోదాంట్లో సొసైటీలో దొరికే వేపపూత యూరియా. మూడోదాంట్లో అదే యూరియాకు నేను చేత్తో ఆముదం పట్టించినది. నాలుగోదాంట్లో ఉప్పల్ వైపు నర్సరీలో కొన్న పసుపుపచ్చ గుండ్లు. మిద్దెతోటల వాళ్లు 'స్లో రిలీజ్' అని కొనుక్కునేవి, చిన్న ప్యాకెట్టుకే యూరియా బస్తా ధర ఉంటుంది.

నీళ్లు పోశాను. యూరియా కరిగేటప్పుడు నీళ్లలోని వేడిని లాక్కుంటుంది, గ్లాసు పట్టుకుంటే చేతికి చల్లగా తగిలింది. పావుగంట తర్వాత చూస్తే మొదటి గ్లాసులో గింజల్లేవు. రెండో గ్లాసులోనూ లేవు! ఆముదం గ్లాసు ఇంకొంచెంసేపు నిలిచింది, తర్వాత నూనె పైకి తేలి గింజ కరిగిపోయింది. పసుపు గుండ్లు మాత్రం పోసినవి పోసినట్టే ఉన్నాయి.

వేపపూత యూరియా మామూలు యూరియా అంత తొందరగా కరిగిపోవడం చూసి నేనే ఆశ్చర్యపోయాను. పూత అనే మాటను ఇరవై ఏడేళ్లు ఒకే అర్థంలో వాడినవాణ్ని. తర్వాత లెక్క వేస్తే అర్థమైంది. నిబంధన ప్రకారం వేపపూత యూరియాలో ఉండాల్సిన వేపనూనె కనీసం 0.035 శాతం. 45 కిలోల బస్తాకు పదహారు గ్రాములు కూడా కాదు. మా ఇంట్లో పోపుకు అంతకన్నా ఎక్కువ నూనె పోస్తారు. అంత నూనె గింజ చుట్టూ గోడ కట్టలేదు. కట్టడం దాని పని కూడా కాదు.

దాని పని మట్టిలో మొదలవుతుంది. యూరియా నేలలో పడగానే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మార్చేస్తుంది. నీళ్లు నిలిచిన మడిలో పైపైన చల్లితే అందులో కొంత అమ్మోనియా వాయువై ఎండకు ఎగిరిపోతుంది. యూరియా చల్లిన మర్నాడు గెట్టు మీద నిలబడితే ముక్కుకు తగిలే ఘాటు అదే. ఆ వాసన మన డబ్బుదే. మిగిలిన అమ్మోనియం మట్టి రేణువులకు అంటుకుని ఉంటుంది, మట్టిది రుణావేశం, అమ్మోనియానిది ధనావేశం కాబట్టి. ఇక్కడిదాకా పరవాలేదు. తర్వాత నైట్రోసోమోనాస్ జాతి బ్యాక్టీరియా వచ్చి అమ్మోనియాన్ని నైట్రైట్‌గా, వేరే జాతులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ది కూడా రుణావేశమే, కాబట్టి మట్టికి అంటదు. నీటితో కిందికి జారిపోతుంది. దమ్ము చేసిన మడి అడుగున గాలి ఆడని పొరలో ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని వాయువుగా మార్చి పైకి పంపేస్తుంది. ఆ వాయువుల్లో ఒకటైన నైట్రస్ ఆక్సైడ్ బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

వేపనూనెలోని చేదు పదార్థాలు ఆ నైట్రోసోమోనాస్‌ను కొన్నాళ్లు మందగింపజేస్తాయి. అమ్మోనియం అమ్మోనియంగానే మట్టిని పట్టుకుని ఇంకొంతకాలం ఉంటుంది. అంటే వేపపూత యూరియా కరగడంలో నెమ్మది లేదు, మారడంలో ఉంది. మా భాషలో చెప్పాలంటే అది ఎస్ఆర్ గోలీ కాదు, సూక్ష్మజీవుల మీద పనిచేసే మందు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల మొదట్లోనే వేపపిండి కలిపిన యూరియాతో ఈ సంగతి చూపించారు. దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి చేసింది 2015లో. మధ్యలో నలభై ఏళ్లు. తప్పనిసరి చేయడానికి పంట మీది ప్రేమ ఒక్కటే కారణం కాదు. సబ్సిడీ యూరియా ప్లైవుడ్ జిగురు తయారీకి పక్కదారి పడుతుండేది. వేపనూనె తగిలితే అటు పోవడం కష్టమవుతుందని కూడా ఆలోచించారు.

జిగురు మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. యూరియాను ఫార్మాల్డిహైడ్‌తో ఒక నిష్పత్తిలో కలిపితే ప్లైవుడ్ జిగురు వస్తుంది. నిష్పత్తి మార్చి కలిపితే నెమ్మదిగా కరిగే ఎరువు వస్తుంది. జర్మనీలో దీనికి 1924లోనే పేటెంటు తీసుకున్నారు, 1955లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. కృత్రిమంగా చేసిన నెమ్మది ఎరువుల్లో మొట్టమొదటిది ఇదే. పూత ఏమీ లేదు, అణువుల గొలుసే పొడుగ్గా ఉంటుంది. సూక్ష్మజీవులు ఒక్కో కొక్కెం తెంపుకుంటూ పోవాలి.

అసలు పూతలు వచ్చింది 1960లలో. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ వాళ్లు కరిగిన గంధకాన్ని యూరియా గింజ మీద చల్లారు. గంధకం చౌక, నీటిని దగ్గరికి రానీయదు, చివరికి అది కూడా పైరుకు ఆహారమే. నిజంగా మంచి ఆలోచన. కానీ గంధకం గాజులా పెళుసు. సంచి ఎత్తి దింపితే పగుళ్లు వస్తాయి. పగిలిన గింజ లోపలికి నీళ్లు చేరితే ఒక్కసారిగా మొత్తం వదిలేస్తుంది. మా కాలిపోయిన బ్యాచ్ లాగే. నూరు గింజల్లో కొన్ని మొదటి రోజే ఖాళీ, కొన్ని నెలలు గడిచినా నోరు విప్పవు. సగటు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది!

ఈ గంధకం పూత యూరియానే మన ప్రభుత్వం 'యూరియా గోల్డ్' పేరుతో 2023 జూలైలో రాజస్థాన్‌లోని సీకర్‌లో విడుదల చేసింది. ఇందులో నత్రజని 37 శాతం, గంధకం 17 శాతం. 40 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. మామూలు వేపపూత యూరియా 45 కిలోల బస్తా ధర కూడా సరిగ్గా అంతే, అందులో నత్రజని 46 శాతం. మా తమ్ముడికి ఫోన్లోనే లెక్క చెప్పాను. పాత బస్తాలో నత్రజని 20.7 కిలోలు, కొత్తదాంట్లో 14.8 కిలోలు, దాంతోపాటు 6.8 కిలోల గంధకం. గంధకం లోటున్న నేలకు, వేరుశనగ లాంటి నూనె పంటకు ఇది బేరమే. గంధకం అవసరం లేని నేలకు నత్రజని కిలో పదమూడు రూపాయల నుంచి పద్దెనిమిదికి పెరిగినట్టు. "గట్లయితే అయిదు కిలోలు తక్కువిచ్చి గోల్డంటరా?" అన్నాడు వాడు. పూర్తిగా న్యాయమైన మాట కాదు, కానీ సొసైటీ ముందు వరసలో నిలబడ్డవాడు చేసే లెక్క అదే.

నా నాలుగో గ్లాసులోని పసుపు గుండ్ల కథ వేరు. 1967లో కాలిఫోర్నియాలో ఆస్మోకోట్ అనే పేరుతో రెసిన్ పూత ఎరువు అమ్మకానికి వచ్చింది. నేను కొన్నవి ఆ తోవవే. పూత గుండా నీటి ఆవిరి మెల్లగా లోపలికి పోతుంది, లోపలి ఎరువు కరుగుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, కరిగినది అదే పూతలోంచి కొంచెం కొంచెంగా బయటికి ఊరుతుంది. అచ్చం మా ఎస్ఆర్ గోలీ. జపానువాళ్లు దీన్ని వరికి తెచ్చారు. చిస్సో కంపెనీ పాలిథిలీన్ జాతి ప్లాస్టిక్ పూత వేసి, వంద రోజులకు, నూట నలభై రోజులకు అని గడువు పెట్టి యూరియా తయారు చేసింది. నారు పెట్టెలోనే మొత్తం ఎరువు వేసి నాటేస్తే కోత దాకా మళ్లీ చల్లే పని లేదు. మా తమ్ముడు అడిగింది సరిగ్గా ఇదే. పల్లెల్లో ముసలివాళ్లే మిగిలిన జపానులో ఇది వరంలా కనిపించింది. మినమాటాలో సముద్రంలోకి పాదరసం వదిలి వేలమందిని వికలాంగులను చేసిన చిస్సో కూడా ఇదే కంపెనీ అని తెలిశాక, నాచారం గాలి పీల్చి బతికినవాణ్ని కాబట్టి కాసేపు ఊరుకున్నాను.

మూడు నెలల తర్వాత మిద్దె మీద కుండీ మట్టిలోంచి ఒక పసుపు గుండును తీసి గోటితో నొక్కాను. చిట్లి నీటిచుక్క బయటికొచ్చింది. చేతిలో మిగిలింది ఖాళీ పెంకు. ప్లాస్టిక్. కుండీలో అయితే ఏరుకోవచ్చు. ఎకరం మడిలో ఎవరు ఏరతారు? జపాను తీరాల్లో ఇసుకలో ఇవే పెంకులు గుట్టలుగా కనిపించాయి, పొలాల నుంచి కాలువల్లోకి, కాలువల నుంచి సముద్రంలోకి. 2022 జనవరిలో అక్కడి రైతు సహకార సమాఖ్య జెన్నో, ఎరువుల సంఘాలు కలిసి 2030 నాటికి ప్లాస్టిక్ పూత ఎరువుల మీద ఆధారపడకుండా వ్యవసాయం చేయడమే లక్ష్యమని ప్రకటించాయి. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన ఎరువుల చట్టంలోనే పూత పాలిమర్లు ప్రకృతిలో విచ్ఛిన్నమయ్యేవిగా ఉండాలని షరతు పెట్టింది. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం ఇప్పుడు నెత్తికెత్తుకోవడంలో అర్థం లేదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ప్యాకెట్టు వెనకాల చిన్న అక్షరాల్లో రాస్తారు. గడువు లెక్కగట్టేది 21 డిగ్రీలకో 25 డిగ్రీలకో. పది డిగ్రీలు పెరిగితే పూతలోంచి ఊరే వేగం దాదాపు రెట్టింపవుతుంది. యాసంగి వరికి మార్చిలో, ఏప్రిల్లో మా మడిలో నీళ్లు కాలికి చుర్రుమంటాయి. అక్కడి వంద రోజుల పూత ఇక్కడ వంద రోజులు నిలుస్తుందని నేను నమ్మను. మనిషి ఒళ్లు ఎక్కడైనా 37 డిగ్రీలే కాబట్టి నాచారంలో చేసిన గోలీ నార్వేలోనూ ఒకేలా పనిచేస్తుంది. నేలకు అలాంటి మర్యాద లేదు.

అసలు అడ్డంకి మాత్రం వేడి కాదు, ధర. మందు గోలీకి పూత వేస్తే పది రూపాయల గోలీలో పూత ఖర్చు పైసల్లో ఉంటుంది. యూరియా సంగతి చూడండి. 45 కిలోల బస్తాకు నూటికి నాలుగు పాళ్ల పూత అంటే 1.8 కిలోల పాలిమర్. కిలో వంద రూపాయలకే దొరికిందనుకుందాం, మేం వాడినవేవీ ఆ ధరకు రావు. పూతకే 180 రూపాయలు. లోపలి సరుకు రైతుకు 266 రూపాయలు. దాని అసలు ఖర్చు ఇంకెన్నో రెట్లు, తేడా కేంద్రం కడుతుంది. వరికి వానాకాలంలో ఎకరానికి సుమారు నలభై కిలోల నత్రజని అనుకుంటే రెండు బస్తాల యూరియా. అందులో పైరుకు అందేది మామూలుగా 30 నుంచి 40 శాతం. కొంత నేలలో మిగులుతుంది, మిగతాది గాలికీ నీటికీ. అంటే రెండు బస్తాల్లో ఒక బస్తాకు పైగా పైరు నోటికి చేరదు. ఆ బస్తా పోయినా రైతు జేబుకు తగిలే దెబ్బ మూడు వందల లోపే. దాన్ని కాపాడటానికి అంతకన్నా ఎక్కువ పెట్టమంటే ఎవడు పెడతాడు? పోయినదాంట్లో పెద్ద వాటా ఖజానాది, గాలిది, నీటిది. వాటికి సొసైటీ ముందు వరసలో చెప్పులు లేవు.

నీటి మాట అన్నాను కాబట్టి చెబుతాను. మా రెండున్నర ఎకరాలు వలిగొండ దగ్గర మూసీ నీటి కిందివి. ఉప్పల్ రింగురోడ్డులో తొర్రూరు బస్సెక్కి భువనగిరి దారిలో నేను ఊరికి పోతుంటే, ఉప్పల్ పక్కనుంచి పారిన మూసీ కూడా అటే వస్తుంది, నగరం మురుగునంతా మోసుకుని. ఇప్పుడు ప్లాట్లు వేసి వేలం వేసిన ఉప్పల్ భగాయత్ ఒకప్పుడు ఆ నీటి కింద పచ్చగడ్డి పండిన నేల. పీర్జాదిగూడ వైపు ఇప్పటికీ బర్రెల గడ్డి కోస్తారు. దానికి ఎవరూ యూరియా వేయరు, నత్రజని నీళ్లలోనే వస్తుంది. మా నాయన కూడా మూసీ మడికి ఒక పైపాటు తగ్గించేవాడు. తగ్గించకపోతే ఆకు నల్లబడేంత పచ్చగా పెరిగి, దోమ పట్టి, గింజ కట్టేవేళకు పడిపోయేది. మా ఊళ్లో యూరియా లెక్క బస్తాల్లో మొదలుపెట్టకూడదు, కాలువలో మొదలుపెట్టాలి. వ్యవసాయ విస్తరణ అధికారికి ఇది చెబితే పుస్తకంలో లేదన్నట్టు చూస్తాడు.

సరే, చౌకగా దొరికి, మట్టిలో కలిసిపోయే పూత ఏదైనా ఉందా? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతా పనిచేస్తున్నారు. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్, మన భీమవరం వైపు ముడిసరుకుకు కొదవలేదు. కాగితం మిల్లుల్లో కలప ఉడికించగా మిగిలే లిగ్నిన్. గంజి. బంకమన్ను. పూత పనివాడిగా నాకు తెలిసిన నియమం ఒకటే. పాలిమర్లలో నీటిని ప్రేమించేవి ఉంటాయి, నీటిని ద్వేషించేవి ఉంటాయి. గంజి, కైటోసాన్ మొదటి రకం. నీళ్లు తగలగానే ఉబ్బి తలుపు తెరుస్తాయి. ఒంటరిగా అవి యూరియాను ఆపలేవు, యూరియా అంత తొందరపాటు మనిషిని నేను చూడలేదు. ఆపేవి రెండో రకం, మైనం, ఇథైల్ సెల్యులోజ్, పాలీయూరిథేన్ లాంటివి. ఆపుతాయి కానీ అంత తేలిగ్గా చావవు.

నాకు ఆశ కలిగించింది ఆముదం. నల్లగొండ, పాలమూరు చెలకల్లో వానాధారంగా పండే ఆముదమే. ఆముదం నూనెలో 85 శాతానికి పైగా ఉండే రిసినోలిక్ ఆమ్లానికి ఒక అదనపు కొక్కెం ఉంటుంది, రసాయన శాస్త్రంలో హైడ్రాక్సిల్ అంటారు. వంటనూనెల్లో ఇది ఉండదు. ఆ కొక్కేనికి ఐసోసైనేట్ తగిలిస్తే గింజ మీదే పాలీయూరిథేన్ పొర కట్టుకుంటుంది, ద్రావకం అక్కర్లేదు, నూటికి మూడు నాలుగు పాళ్లు చాలు. చైనాలో, ఇంకా చాలాచోట్ల ఆముదం పూత యూరియా మీద పరిశోధన పత్రాలు విరివిగా వచ్చాయి. నేను గ్లాసులో చేసిన పిచ్చిపని, అంటే ఉత్త నూనె పట్టించడం, ఇది కాదు. అయితే ఆముదం నుంచి వచ్చింది కాబట్టి మట్టిలో ఇట్టే కలిసిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన చెట్టులా కుళ్లదు. ఎన్నేళ్లలో విరుగుతుందో మన నల్లరేగడిలో, మన ఎర్ర చెలకలో పాతిపెట్టి చూడాల్సిందే. ఐసోసైనేట్ అనగానే భోపాల్ గ్యాస్ దుర్ఘటన గుర్తొస్తుంది. పూతకు వాడేది అంత తేలిగ్గా ఆవిరయ్యే రకం కాదు, కానీ కార్మికుడి ఊపిరితిత్తులకు జాగ్రత్త మాత్రం అంతే అవసరం.

ఇలాంటి పనికి కావలసిన చదువు మా ఇంటికి రెండు స్టాపుల దూరంలోనే ఉంది. తార్నాకలోని ఐఐసీటీ, అంటే భారత రసాయన సాంకేతిక సంస్థ, 1944లో మొదలై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాల (ఆర్ఆర్ఎల్)గా మారి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఈ చుట్టుపక్కల పాతవాళ్లు ఇంకా ఆర్ఆర్ఎల్ అనే అంటారు. నూనెల మీదా, పూతల మీదా అక్కడ దశాబ్దాల పని ఉంది. పత్తి చేలల్లో లింగాకర్షక బుట్టలో వేలాడే చిన్న రబ్బరు బిళ్ల చూశారా? మగ పురుగును రప్పించే వాసనను వారాల తరబడి కొంచెం కొంచెంగా వదలడమే దాని పని. అదీ ఎస్ఆర్ గోలీనే. ఆ వాసన పదార్థాల మీద కూడా ఐఐసీటీ పనిచేస్తోంది. ఆముదం పంట మీద పనిచేసే నూనెగింజల పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ రెండూ రాజేంద్రనగర్‌లో ఉన్నాయి. నూనె, పూత, పంట మూడూ ఒకే ఊళ్లో, ఒక మెట్రో టిక్కెట్టు, ఒక సిటీ బస్సు టిక్కెట్టు దూరంలో ఉన్నాయి.

అవి కలిసేదాకా మా తమ్ముడికి ఏం చెప్పాలి? పాత పంచాంగంలోదే చెప్పాను, పంచాంగమంటే వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు వేసే వ్యవసాయ పంచాంగం. యాభై కిలోల యూరియాకు పది కిలోల వేపపిండి, లేదా అయిదు రెట్లు, అంటే 250 కిలోల తడిమట్టి కలిపి రెండు రోజులు నీడన ఉంచి చల్లాలి. ఆ రెండు రోజుల్లో జరిగేది ఇప్పుడు మీకూ అర్థమవుతుంది. యూరియాలో కొంత మట్టిలోనే అమ్మోనియంగా మారి మట్టి రేణువులకు అంటుకుంటుంది. మడిలో పడేది గింజ కాదు, నత్రజని పట్టిన మట్టి. బంగ్లాదేశ్‌లో రైతులు యూరియాను పెద్ద గుళికలుగా ఒత్తి, నాలుగు కుదుళ్ల మధ్య ఒక్కోటి వేళ్ల లోతున బురదలో దించుతారు. 'గుటి యూరియా' అంటారు. పూత లేదు, ప్లాస్టిక్ లేదు, లోతే పూత. వంగి దించే చేతులు కావాలి, మన దగ్గర నాటుకే కూలీలు దొరకడం లేదు.

వాడు ఓపికగా విన్నాడు. "250 కిలోల మట్టి ఎవడు మోస్తడన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చివరికి వేపపిండి వైపు మొగ్గాడు. యాసంగిలో ఒక మడికి, అర ఎకరం ఉంటుంది, పాళ్ల ప్రకారం కలిపి, ఒకేసారి గుమ్మరించకుండా మూడు దఫాలు వేశాడు. దమ్ములో కొంత, పిలకలప్పుడు కొంత, అంకురం కట్టేటప్పుడు కొంత. నీళ్లు తీసేసి బురద మీద చల్లి మర్నాడు నీళ్లు పెట్టాడు. పక్క మడి కన్నా పావు వంతు యూరియా తగ్గించాడు. ధాన్యంలో తేడా రాలేదు. ఒక్క మడి, ఒక్క కారు, మూసీ నీళ్లు. దీన్ని పట్టుకుని ఎవరూ పరిశోధన అనకండి.

నాచారం, మల్లాపూర్ వైపు పాత కంపెనీలు మూతపడినప్పుడల్లా కోటింగ్ పాన్లు తుక్కు కింద కిలోల లెక్కన పోతున్నాయి. ఆముదం పూత వేసి చూడటానికి అలాంటి పాన్ ఒక్కటి చాలు, యాభై కిలోల బ్యాచ్ పట్టేది. తార్నాక శాస్త్రవేత్తలారా, పాన్ ఎక్కడుందో నేను చూపిస్తాను, నడిపిస్తాను, గింజలు అంటుకుంటే ఏ వేడి తగ్గించాలో కూడా చెబుతాను. పాతిపెట్టి చూడటానికి మా మడి ఉంది. జీతం వద్దు, బస్సు చార్జీలు నావే.